మడ్డి డబ్బా జన్నీస్

జన్నీస్‌కి ఒకే ఒక్క పిచ్చి. ఎవరు కాఫీ తాగి కప్పు కింద పెట్టినా, అడుగున మిగిలిన మడ్డి ఆయనకి కావాలి. పెళ్ళయినా సరే, చావయినా సరే, పసివాడి జ్ఞానస్నానమైనా సరే, మెడలో తాడుకి వేలాడే బిస్కెట్ల డబ్బాతో, జేబులో కర్ర చెంచాతో హాజరవుతాడు. వచ్చి మీ కుర్చీ వెనక నిలబడతాడు. మీరు మూడో గుక్క మింగేసరికి మీ చెవి పక్కన ఆ గొంతు వినిపిస్తుంది.

"అడుగు కనబడిందా?"

కనబడలేదంటే కదలడు. కనబడిందంటే ఆగడు. కప్పు లాక్కుని, చెంచాతో గోకి, డబ్బాలో వేసుకుని, ఖాళీ కప్పు మళ్ళీ మీ ముందు పెట్టి, "దేవుడు మేలు చేస్తాడు" అని దీవించి పక్క బల్ల దగ్గరికి పోతాడు.

మా ద్వీపంలో కాఫీ వడకట్టడం లేదు. పొడితో సహా కాచి కప్పులో పోస్తాం, తాగినంత తాగుతాం, మడ్డి అడుగున కూర్చుంటుంది. మగవాళ్ళకి అది చెత్త. ఆడవాళ్ళకి అది రాబోయే కాలం. కప్పుని సాసర్‌లో బోర్లించి, ఆరాక ఎత్తి, లోపల అంటుకున్న చారల్లో ఓడలూ దారులూ పెళ్ళిళ్ళూ చదువుతారు. జన్నీస్‌కి మాత్రం అది మందుగుండు. డాబా మీద రేకులు పరిచి ఎండబెడతాడు. ఎండిన పొడిని సాసర్‌లో కుప్ప పోసి అగ్గిపుల్ల అంటిస్తే మంట లేవదు, సన్నగా పొగ రాజుకుంటుంది. ఆ పొగ ఉన్న బల్ల మీద కందిరీగ వాలదు.

కందిరీగలంటే పసుపూ నలుపూ చారల చొక్కా తొడుక్కున్నట్టుండేవి. ఆగస్టులో మాత పండుగ దాటిందంటే ఊరు వాటిదే. చెట్టు మీద అంజూరాలు వాటివి, పందిరి మీద ద్రాక్ష వాటిది, రేవులో చేపలు కోసే బల్ల వాటిది. మనం కిరాయికి ఉంటున్నట్టు లెక్క. ముప్ఫై ఒక్క ఏళ్ళు సరుకు ఓడల్లో వంటవాడిగా చేసి వచ్చిన జన్నీస్, ఇక వండిపెట్టడానికి సిబ్బంది లేక, భార్య ఫ్లోరా కూడా పోయాక ఇంట్లో తోచక, కందిరీగల సంగతి చేతికి తీసుకున్నాడు. వాటి గురించి ఆయనకి తెలియనిది లేదు. తెలిసింది మనకి చెప్పకుండా ఉండే అలవాటూ లేదు.

ఒకసారి చర్చి ముంగిట్లో అయ్యగారు కాఫీ తాగుతున్నారు. ఆయన ఒక్క కప్పు తాగడమంటే మధ్యలో రెండు పెళ్ళి మాటలు, ఒక పొలం తగువు తెమలాలి. జన్నీస్ వెనక నిలబడ్డాడు.

"అడుగు కనబడిందా, అయ్యగారూ?"

"ఇంకా సగం ఉందయ్యా."

"తాగండి, తాగండి. నాకేం తొందర లేదు." కాస్త ఆగి, "ఆ సగం చల్లారిపోయినట్టుంది."

"చల్లారినా నాదేగా?"

"మీదే. పైనున్నది మీది, కిందున్నది నాది. మీది మీరు కానిస్తే నాది నాకు వస్తుంది."

అయ్యగారు గబగబా తాగబోయి పొలమారారు. ఆ ఆదివారం ప్రసంగంలో మోషే సముద్రం దాటడానికి పట్టిన కాలం కంటే ఆయన దగ్గడానికి పట్టిన కాలమే ఎక్కువ.

రేవు ఒడ్డున ఫ్రాంగులిస్ కాఫీ హోటల్లో బడిపంతులు చేసిన పని ఇంకా ఘోరం. బల్ల మీద వాలిన కందిరీగని పేపరు మడిచి ఫట్‌మని కొట్టారు. అవతలి బల్ల నుంచి జన్నీస్ గావుకేక పెట్టాడు.

"చంపేశారా పంతులుగారూ?"

"చంపాను. ఏం, దానికి పిల్లలున్నారా?"

"అక్కచెల్లెళ్ళున్నారు! నాలుగు వేలమంది! ఈ హోటలు చూరులోనే! నలిగిన కందిరీగ ఒంట్లోంచి వాసన వస్తుంది. వాటి భాషలో ఆ వాసనకి అర్థం 'రండర్రా' అని. లేవండి, చొక్కా విప్పి పారేయండి!"

"నేను బడిపంతుల్ని. నలుగురిలో చొక్కా విప్పను."

ఐదు నిమిషాల తర్వాత పంతులుగారు చొక్కాతో సహా మెడలోతు సముద్రంలో ఉన్నారు. పక్కనే ఫ్రాంగులిస్, చేతిలో ట్రేతో, ట్రే మీద రెండు కప్పులతో. ఒడ్డున ఉన్నది జన్నీస్ ఒక్కడే, సాసర్లో పొగ రాజేసుకుని, తాపీగా.

"చేతులు విసరకూడదు. ఉఫ్ అని ఊదకూడదు. చెట్టులా నిలబడి మెల్లగా పక్కకి తప్పుకోవాలి. చెట్టుని కందిరీగ కుట్టడం ఎప్పుడైనా చూశారా?"

"ఇప్పుడా చెప్పేది!" అన్నారు పంతులుగారు నీళ్ళలోంచి.

"ఫ్రాంగులిస్," అన్నాడు జన్నీస్, "ఆ ట్రే మీది కప్పుల్లో నీళ్ళు పోనివ్వకు. మడ్డి పాడవుతుంది."

ఇన్ని కప్పులు పోయినా ఊరు నవ్వి ఊరుకుంది. నవ్వలేనిది అనెజీనా ఒక్కతే. ఆమె కప్పులో ఆమె మొగుడున్నాడు.

లినార్డోస్ సరుకు ఓడలో ఇంజను గది పనివాడు. పోయిన అక్టోబరులో వెళ్ళాడు. రేవుకో ఉత్తరం రాసేవాడు. ఆఖరిది మే నెలలో, భూగోళానికి అవతలి వైపు రేవు నుంచి వచ్చింది. గోధుమలు నింపుతున్నాం, ఇక్కడ చలి మొదలైంది, నువ్వు పోసే నిమ్మరసం చారు గుర్తొస్తోంది, అని నాలుగు ముక్కలు. ఆ తర్వాత లేదు. ఊరికి ఒకే ఒక్క ఫోను, ఫ్రాంగులిస్ హోటల్లో. దాంట్లోంచి పిరేయస్ రేవులోని ఓడల కంపెనీ ఆఫీసుకి మాట్లాడితే, "ఓడ నడుస్తూనే ఉందమ్మా, రేవులు మారాయి, ఉత్తరాలు వెనకబడతాయి" అన్నారు. వెనకబడటమంటే ఎంత వెనకో వాళ్ళు చెప్పలేదు, ఆమె అడగలేదు. వెనక బల్లల దగ్గర ఊరంతా చెవులు రిక్కించి కూర్చుంది.

ఆమెకి అతని మీద బెంగ ఎంతగా పట్టుకుందంటే, ఉతికిన చొక్కానే ప్రతి శనివారం మళ్ళీ ఉతికి తీగ మీద ఆరేసేది. ఇంటి మీద మగవాడి చొక్కా ఎగురుతుంటే ఇల్లు నిండుగా ఉంటుందని. మెట్లు రెండేసి చొప్పున ఎక్కే అడుగుల చప్పుడు కోసం పనులన్నీ గుమ్మానికి దగ్గరగా చేసుకునేది. ఊళ్ళో మెట్లు రెండేసి ఎక్కేవాళ్ళు ఇంకా ముగ్గురున్నారు. ఆ ముగ్గురినీ ఆమె మనసులో తిట్టుకోని రోజు లేదు.

రోజూ నాలుగింటికి కతింగో వచ్చేది. లినార్డోస్ తల్లికి అక్క, పక్కిల్లు, ఊళ్ళో కప్పు చూడటంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. కప్పు చూసేవాళ్ళకి ఒక కట్టుబాటుంది. కనబడింది కనబడినట్టు చెప్పాలి. దాచినా, మార్చినా ఆ కళ్ళకి కప్పు మళ్ళీ తెరుచుకోదు. కతింగో యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ కట్టు తప్పలేదు. అందుకే ఆవిడంటే గౌరవం, అందుకే భయం.

జూలై మొదట్లో ఒకరోజు అనెజీనా కప్పు ఎత్తి చూసి ఆవిడ దాన్ని మళ్ళీ సాసర్‌లో బోర్లించబోయింది.

"చెప్పత్తా."

"మూసిన తలుపు," అంది కతింగో. మింగేద్దామనుకుంది. కట్టుబాటు కట్టుబాటే. "వంగిన స్తంభం. మీద నల్లగా ఏదో పిట్ట."

అనెజీనా నాలుగు రోజులు రొట్టె ముట్టలేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఐదో రోజున లేచి మళ్ళీ కాఫీ కాచుకుని మళ్ళీ కప్పు బోర్లించింది. ఆ కప్పంటే ఆమెకి ప్రాణభయం. కానీ ఇంకెక్కడి నుంచీ అతని కబురు రాదు కదా, ఆ కప్పూ లేకపోతే ఎలా?

ఆ రోజే జన్నీస్ గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

"అడుగు కనబడిందా?"

"బాబాయ్, అది బోర్లించిన కప్పు!"

"మరీ మంచిది. నీళ్ళు కారిపోయి ఉంటాయి."

కతింగో లేచి నిలబడింది. "ఒరేయ్ జన్నీస్, చెయ్యి తియ్. అందులో నా చెల్లెలి కొడుకున్నాడు."

"ఉంటే దిగమను. నాకు మడ్డి కావాలి."

అడ్డుపడే లోపలే గోకేశాడు. అనెజీనా బిత్తరపోయి చూసింది. "నా ఇంట్లో కందిరీగలెక్కడున్నాయి బాబాయ్?"

"నీ ఇంట్లోనే ఉన్నాయి. పద చూపిస్తా."

పెరట్లో రొట్టెలు కాల్చే పొయ్యి వెనక, రాతిగోడ సందులోంచి కందిరీగలు ఒకటి వెళ్తే ఒకటి వస్తున్నాయి. కారణం దొరికినందుకు జన్నీస్ మొహం వెలిగిపోయింది. "చూశావా? ఏ ఇంటి కందిరీగలకి ఆ ఇంటి మడ్డే వెయ్యాలి. ఊళ్ళోది పనికిరాదు."

"మట్టి పెట్టి మూసేస్తాను."

"మూస్తే ఊరుకుంటాయా? ఇటు దారి లేకపోతే గోడ కొరుక్కుని అటు నీ వంటింట్లోకి వస్తాయి. కొండ మీద మానోలిస్ అలాగే మూశాడు. మర్నాడు పొద్దున్నే దుప్పటి కప్పుకుని వీధిలోకి వచ్చాడు. దుప్పటి తప్ప ఒంటి మీద ఇంకేం లేదు."

"పెట్రోలు పోసి అంటిస్తాను."

"అంటించు. గూటితో పొయ్యి, పొయ్యితో ఇల్లు. రేపు లినార్డోస్ వచ్చి ఎక్కడ దిగుతాడు, మా ఇంట్లోనా?"

ఆ పేరు వినేసరికి అనెజీనా గొంతు తగ్గింది. "మరేం చెయ్యమంటావు?"

"పది అడుగుల దూరంలో ఉండు, గోడ కదిలించకు, ఆగు. ఒక్క రాణి కట్టిన కాపురం ఇది. వసంతంలో ఒంటరిగా వచ్చి, పాత కర్ర నమిలి, కాగితం చేసి గూడు కట్టింది. చలిగాలి కొట్టగానే పనిచేసేవన్నీ రాలిపోతాయి. కొత్త రాణులు ఎక్కడో బెరడు కింద దూరి నిద్రపోతాయి. ఆ గూటికి మళ్ళీ ఎవరూ తిరిగిరారు."

"ఆగడం నాకు కొత్త కాదులే," అంది అనెజీనా.

అది మొదలు రోజూ నాలుగింటికి జన్నీస్ రావడం, కతింగో అరవడం, కప్పు పోవడం. వచ్చినవాడు ఊరికే పోడు, పాఠం చెప్పి పోతాడు. "జూలైలో వాటికి తీపి అక్కర్లేదు, గూట్లో పిల్లలకి మాంసం కావాలి. చేప తలకాయలు తోట చివర పడెయ్, మీ బల్ల జోలికి రావు. ఆగస్టు చివర్లో పిల్లలు పెరిగిపోతాయి, అప్పుడు వాటికి పనీ ఉండదు, బుద్ధీ ఉండదు, తీపి కోసం తిరుగుతాయి. అప్పుడు అంజూరపు తొక్కలు పెట్టు. తాగే గ్లాసు మీద మూత పెట్టు. అత్తరు పూసుకోకు. నల్లబట్టలు కట్టకు, వాటికి నలుపు పడదు."

"ముప్ఫై ఏళ్ళుగా విధవరాలిని, నల్లబట్టలు కట్టక పెళ్ళిబట్టలు కట్టమంటావా?" అంది కతింగో.

"నిన్ను చూసి ఎలుగుబంటి అనుకుంటాయి."

"విన్నావా అమ్మాయ్? నన్ను ఎలుగుబంటి అన్నాడు!"

"నేననలేదు. కందిరీగల అభిప్రాయం చెప్పాను."

సెప్టెంబరులో అనెజీనా పెరట్లో ద్రాక్షరసం కాచి పాకం తీసిన రోజున ఊళ్ళో కందిరీగలన్నీ పిలుపు అందినట్టు వచ్చాయి. జన్నీస్ కాగు చుట్టూ పద్దెనిమిది సాసర్లు పెట్టి పొగ రాజేశాడు. కాగు దగ్గర మనిషికి మనిషి కనబడలేదు. పాకం ఎవరు కలుపుతున్నారో తెలియక ముగ్గురు ఆడవాళ్ళు ఒకే గరిటె పట్టుకుని కలిపారు. చివరికి ఎవరినీ కుట్టలేదు, ఒక్క జన్నీస్‌ని తప్ప. సరిగ్గా ముక్కు కొస మీద.

"నన్ను కాదు, డబ్బాని కుట్టబోయింది," అన్నాడు ముక్కు మీద చల్లటి నీళ్ళ గుడ్డ అదుముకుంటూ. "గురి తప్పింది."

ఆ పాకం బాగా కుదిరింది. లినార్డోస్‌కి ఇష్టమని అనెజీనా ఒక సీసా పక్కన పెట్టింది. ఆ సాయంత్రమంతా ఆ సీసాని అటు జరిపి ఇటు జరిపి చూసుకుంది. ఈ వాసనకి అతను కాగు దగ్గరే తచ్చాడుతూ వేలు ముంచి కాల్చుకునేవాడు, ప్రతి ఏడూ. కాల్చుకున్న వేలు లేని ద్రాక్షపాకం ఆమెకి తీయగా అనిపించలేదు.

ఈ మనిషిని వదిలించుకోవడానికి ఆమె చేయని ప్రయత్నం లేదు. ఒకరోజు నాలుగింటికి బదులు మూడింటికే కాఫీ కాచింది. జన్నీస్ మూడింటికే వచ్చాడు.

"నీకెలా తెలిసింది బాబాయ్?"

"వాసన."

ఒకరోజు కప్పు పిండి డబ్బాలో దాచింది. వెతికి తీసి, "మడ్డికి పిండి అంటింది, ఇంకోసారి చక్కెర డబ్బాలో పెట్టు" అని చెప్పిపోయాడు. ఇంకోరోజు వీధి తలుపుకి గడియ వేసింది. డెబ్బై రెండేళ్ళ మనిషి గోడెక్కాడు. ఎక్కినవాడు ప్యాంటు మేకుకి తగులుకుని తలకిందులుగా వేలాడుతుంటే ముగ్గురు పట్టి దింపాల్సి వచ్చింది. దింపడానికి ముందు డబ్బాని జాగ్రత్తగా అందించి మరీ దిగాడు. దిగి, దుమ్ము దులుపుకుని, చెయ్యి చాచాడు.

అప్పుడు అనెజీనాకి దుఃఖం ఆగలేదు.

"నాకు ఉత్తరం లేదు, కబురు లేదు. బతికున్నాడో లేదో, నన్ను తలుచుకుంటున్నాడో లేదో తెలియదు. ఉన్నది ఆ కప్పొక్కటి. అది కూడా నువ్వు ఎత్తుకుపోతే నేనాయన్ని ఎక్కడ చూసుకోను బాబాయ్? నీకు కందిరీగల మీద ఉన్న ప్రేమ మనుషుల మీద లేదు!"

జన్నీస్ డబ్బా మూత తీశాడు, వేశాడు. చివరికి, "పొడి ఇంకాస్త ఎక్కువ వెయ్యమ్మాయ్, మడ్డి పలచగా వస్తోంది" అని నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు. వెళ్తూ కప్పు మాత్రం గోకే వెళ్ళాడు.

ఆ సాయంత్రం అనెజీనా ఆయన్ని నోరారా తిట్టుకుంది. తిట్టీ తిట్టీ ఆకలేసింది. రెండు రొట్టెలూ, గిన్నెడు చిక్కుడుగింజలూ తిని పడుకుంది. కోపం వచ్చిన మనిషికి ఆకలి బాగా వేస్తుంది. ఆ వేసవిలో ఆమెకి రోజూ కోపం వచ్చింది.

నవంబరు చివర్లో ఉత్తరపు గాలి తిరిగింది. రెండు రోజులు ఊళ్ళో తలుపులన్నీ కొట్టుకున్నాయి. మూడో రోజున జన్నీస్ వచ్చి పొయ్యి వెనక రాళ్ళు రెండు తీసి, లోపలి నుంచి గూడు బయటికి లాగాడు. బూడిదరంగు కాగితం, పొర మీద పొర, గుమ్మడికాయంత ఉంది. ఊపిరి తగిలితే చిరిగేలా ఉంది. లోపల ఒక్క పురుగు కదలలేదు.

"అయిపోయింది," అన్నాడు. "ఇక భయం లేదు."

రేపటి నుంచి కప్పు తనదే అనుకుంది అనెజీనా. సంతోషం వెంట భయం కూడా వచ్చింది. మర్నాడు నాలుగింటికి కప్పు బోర్లించింది. కతింగో ఎదురుగా కూర్చుంది.

"ఎత్తత్తా."

"ఆరనీ. తొందరపడితే చారలు చెరిగిపోతాయి. మా తాత పెళ్ళి సంగతి నీకెప్పుడైనా చెప్పానా?"

ఆ తాత గాడిదెక్కి పెళ్ళికి బయల్దేరి పక్కూరు చేరేలోపల గుమ్మంలో గొంతు వినిపించింది.

"అడుగు కనబడిందా?"

"బాబాయ్! కందిరీగలు చచ్చాయి కదా! నువ్వే చూపించావు కదా!"

"వచ్చే ఏడాదికి నిల్వ."

"ఫ్రాంగులిస్ హోటల్లో కప్పులన్నీ నువ్వు ముట్టుకోకుండా వదిలేస్తున్నావట. అక్కడిది నిల్వకి పనికిరాదా?"

"అక్కడి మడ్డి నాసిరకం," అని గోకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి అనెజీనా కూర్చుని ఆలోచించింది. జన్నీస్ చెప్పిన పాఠాలే ఆయనకి ఎదురు తిరిగాయి. కందిరీగలు బల్లల మీదికి తీపి కోసం వచ్చేది ఆగస్టు చివర్లో. వెనకటి సంవత్సరాల్లో డబ్బా మెడలో పడేది కూడా అప్పుడే. ఈ ఏడు మాత్రం జూలైలో వచ్చాడు. జూలైలో మాంసం కోసం తిరిగే పురుగుకి కాఫీ పొగ ఎందుకు? పొద్దున్నే నిలదీయాలనుకుని మెట్లెక్కి ఆయన ఇంటికి వెళ్ళింది. గుమ్మం పక్కన చెరువు గట్టులా గోనె సంచులు పేర్చి ఉన్నాయి. ఆరు సంచుల మడ్డి. మూడు ద్వీపాల కందిరీగలకి నూరేళ్ళు సరిపోతుంది. లోపల కతింగో గొంతు వినబడి ఆమె తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నిన్న నాలుగూ పదికి వచ్చావు. నాలుగూ పదికి! మా తాత చేత రెండో పెళ్ళి కూడా చేయించాల్సి వచ్చేది."

"మోకాళ్ళు, కతింగో. గాలి మారితే పట్టేస్తున్నాయి."

"నీ మోకాళ్ళు తగలెయ్య. కప్పు ఎత్తితే చూడాలి, చూస్తే చెప్పాలి. మొన్న అంచు కాస్త లేచి చూపు లోపల పడబోయింది. దగ్గొచ్చినట్టు కళ్ళు మూసేసుకున్నాను."

"ఒక్క అబద్ధం చెప్పరాదూ? పడవ కనబడింది, పువ్వులు కనబడ్డాయి అని."

"యాభై ఏళ్ళలో చెప్పనిది ఇప్పుడు చెప్పనా? చూపు పోతుంది. దొంగతనం నీ పని, సరిగ్గా వేళకి చెయ్."

జన్నీస్ అన్నాడు, "ఫ్లోరా నన్ను కప్పులో నాలుగుసార్లు చంపింది, తెలుసా? ఒకసారి నల్లబట్టలు కూడా కుట్టించుకుంది. ఆ నాలుగుసార్లూ నేను ఓడలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాను. నేను దిగి వచ్చేసరికి దాని జుట్టు నెరిసిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళు తీసిన చెక్కు, ఒక్క ముక్కైనా ఆ కప్పులో కనబడలేదేం దానికి?"

"ఆ పిల్ల నిన్ను తిట్టుకుంటోంది రా."

"తిట్టనీ. తిట్టడానికి ఓపిక ఉందంటే తిండి తింటోందన్నమాట."

అనెజీనా తలుపు తట్టలేదు. చప్పుడు చేయకుండా మెట్లు దిగింది. దిగుతుంటే ఆమెకి లినార్డోస్ కనబడ్డాడు. ఎక్కడో ఇంజను గదిలో, నూనె చేతులు పాత గుడ్డకి తుడుచుకుంటూ, పెద్దగా ఆవలిస్తూ. ఎడమ చేతి బొటనవేలి మీద కాలిన మచ్చతో సహా. ఇన్ని నెలలు ఇన్ని కప్పులు చూసింది, ఒక్కదాంట్లోనూ అతన్ని అలా ఆవలిస్తూ చూడలేదు. ఆమెకి ఏడుపు రావాల్సింది, నవ్వొచ్చింది. అప్పుడు అతని మీద బెంగ ఇంకా ఎక్కువైంది. కానీ అది బతికున్న మనిషి మీది బెంగ.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. రోజూ నాలుగింటికి ఎప్పటిలాగే కాఫీ కాచింది, జన్నీస్ వస్తే ఎప్పటిలాగే కసిరింది.

డిసెంబరు మధ్యలో ఒకరోజు వాన పట్టుకుంది. మెట్ల మీద నీళ్ళు కాలవలా దిగుతున్నాయి. నాలుగు దాటింది, జన్నీస్ లేడు. నాలుగుంపావు అయింది. కతింగో తాత పెళ్ళి అయిపోయింది, మనవళ్ళ పెళ్ళిళ్ళు నడుస్తున్నాయి. చలిరోజున ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. బోర్లించిన కప్పు ఇద్దరి మధ్యా పొడిగా ఆరిపోయి ఉంది.

"ఆరిందత్తా," అంది అనెజీనా మెల్లగా.

కతింగో చెయ్యి కప్పు దాకా వెళ్ళి ఆగింది.

అనెజీనా లేచింది. కప్పుని సాసర్‌తో సహా, బోర్లించినది బోర్లించినట్టే రెండు చేతులా పట్టుకుని వానలోకి నడిచింది.

జన్నీస్ వేణ్ణీళ్ళ బేసిన్‌లో కాళ్ళు పెట్టుకుని, లేవబోయి లేవలేక కుర్చీని తిడుతున్నాడు. తలుపు తెరుచుకుంది. జుట్టు నుంచి నీళ్ళు కారుతూ గుమ్మంలో అనెజీనా నిలబడి ఉంది.

"బాబాయ్, కందిరీగలొచ్చాయి."

జన్నీస్ ఆమెని చూశాడు. ఆమె చేతిలో కప్పుని చూశాడు. బయట కుండపోతగా కురుస్తున్న వానని చూశాడు. మొహంలో ఒక్క గీత కదలలేదు.

"ఎన్ని?"

"చాలా."

"కుట్టాయా?"

"ఇంకా లేదు."

"అయితే వేళకే వచ్చావు. ఇటివ్వు." మొహం కిటికీవైపు తిప్పుకుని, చూడకుండానే కప్పు శుభ్రంగా గోకేశాడు. ఆ తర్వాత, డబ్బా మెడలో పడ్డాక ఎన్నడూ చేయని పని చేశాడు. పక్కనున్న చెంబులో నీళ్ళతో ఆ కప్పు కడిగాడు.

వెనకే కతింగో తడిసి ముద్దై వచ్చింది. ఊరికంతటికీ వినబడేలా, "దొంగలు! పట్టపగలు దొంగలు! నా చెల్లెలి కొడుకుని ఎత్తుకొచ్చేశారు!" అని అరిచి, తలుపేసి, హాయిగా ఊపిరి పీల్చుకుని పొయ్యి దగ్గర కూలబడింది.

"రేపటి నుంచి నేనే తెచ్చిస్తాను బాబాయ్," అంది అనెజీనా. "నీ మోకాళ్ళకి మా మెట్లు పడవు."

జన్నీస్ కతింగోని చూశాడు. కతింగో తన చెప్పులు చూసుకుంది. ఎవరు ఎవరికి ఏం చెప్పారో అడిగే ధైర్యం ఇద్దరికీ లేదు.

అనెజీనా తల తుడుచుకుని, కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడు ఓడలో ఏం చేస్తుంటారు బాబాయ్?"

"ఇప్పుడా? అక్కడ ఏ వేళో మనకేం తెలుసు. తెల్లవారుతున్నట్టయితే వంటవాడు రొట్టె కాలుస్తుంటాడు. ఇంజను గదివాళ్ళు పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడి వాణ్ణి తిడుతుంటారు."

"మా ఆయన కూడా తిడతాడా?"

"ఇంజను గదివాళ్ళని ముప్ఫై ఒక్క ఏళ్ళు భరించాను. అందరికంటే ముందు తిట్టేది వాడే."

అనెజీనా నవ్వింది. "ఏమని తిడతాడు?" అని అడుగుతూ కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.